స్థూలకాయ శస్త్రచికిత్స - పిదప వచ్చు చిక్కులు

కరవుకు పేరుపడిన సీమ మనది. వాన కురియని యేడు గంజి దొరకుటే భాగ్యమనుకొన్న తరము ఇంకను మన ఇండ్లలో ఉన్నది. అటువంటి కదిరి ప్రాంతములో ఈనాడు ఫలానావారు బరువు తగ్గుటకు కడుపు ఆపరేషను చేయించుకొన్నారట అనే మాట పెండ్లి పందిళ్లలో వినబడుతున్నది. ఆ మాట వెంటనే మరొక మాట: "ఆ తరువాత ఏమగునో!" ఈ రెండవ మాటను గురించియే మేము ఇక్కడ వివరింపదలచినాము.

ఈ ఆపరేషను సాధారణముగా బెంగుళూరు, హైదరాబాదు వంటి నగరములలో జరుగుతుంది. రోగి రెండు మూడు దినములలో ఇంటికి తిరిగి వస్తాడు. ఆపైన బ్రతుకంతా గడిపేది ఇక్కడనే, చిక్కు వచ్చినా ఇక్కడనే వస్తుంది. అర్ధరాత్రి తట్టేది మన వీధి చివరనున్న డాక్టరుగారి తలుపే. కావున ఏ భయమును విడువవచ్చునో, ఏ లక్షణము కనబడినప్పుడు క్షణము ఆలస్యము చేయరాదో రోగికే కాదు, ఇంటివారికి కూడ తెలిసి ఉండవలెను.

మొదట ఒక పొరపాటు అభిప్రాయమును తొలగించవలసి ఉన్నది. 2001లో వచ్చిన "నువ్వు నాకు నచ్చావ్" చిత్రములోని కథానాయిక ఆర్తి అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలోని న్యూజెర్సీలో 31 యేండ్ల వయసుననే మరణించినారు. అంతకు కొన్ని వారముల ముందు ఆమె కొవ్వు తీయించుకొన్నారని పత్రికలు వ్రాసినవి. ఆ వార్త చదివిన తెలుగువారు అనేకులు "బరువు తగ్గించే ఆపరేషను" అంటేనే బెదరిపోయినారు. కాని ఆమె చేయించుకొన్నట్లు వార్తలలో వచ్చినది లైపోసక్షను, అనగా చర్మము క్రింది కొవ్వును గొట్టముతో పీల్చివేయుట. అది అందమునకు సంబంధించిన చికిత్స, ఊబకాయమునకు మందు కాదు. మేము చెప్పబోవునది జీర్ణాశయముపై చేసే శస్త్రచికిత్స. రెండింటి ప్రమాదములు వేరు, ప్రయోజనములు వేరు.

జీర్ణాశయముపై చేసే పద్ధతులలో రెండు ముఖ్యమైనవి. స్లీవు పద్ధతిలో కడుపు సంచిలో ఇంచుమించు ముప్పాతిక భాగమును కోసి తీసివేసి, అరటికాయవలె సన్నని గొట్టమును మాత్రము మిగుల్చుతారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారగు భాగము దీనితో పోతుంది. బైపాసు పద్ధతిలో పై భాగమున చిన్న సంచి నొకదానిని ఏర్పరచి, దానిని నేరుగా చిన్నప్రేవుకు కలుపుతారు. గుండె బైపాసుకు దీనికి సంబంధము లేదు.

పెద్దల భయమునకు చారిత్రకమైన ఆధారము లేకపోలేదు. 1954లో అమెరికాలోని మిన్నెసోటాలో క్రెమెన్, లిన్నర్ అను వైద్యులు ప్రచురించిన తొలి పద్ధతిలో ప్రేవులో చాలభాగమును వాడుకనుండి తప్పించివేసేవారు. బరువు తగ్గినమాట నిజమే. కాని ఎడతెగని విరేచనములు, కాలేయము చెడుట, మూత్రపిండములలో రాళ్లు వెంటబడినందున ఆ పద్ధతిని తరువాత విడిచిపెట్టినారు. 1966లో అయోవాలో డాక్టరు ఎడ్వర్డ్ మేసన్ ప్రారంభించిన బైపాసు పద్ధతియే సంస్కరింపబడుతూ నేటివరకు వచ్చినది.

ఇప్పటి ప్రమాదమెంత? 2009లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద పరిశీలనలో, తొలిసారి బైపాసు లేక కడుపునకు పట్టీ బిగించే ఆపరేషను చేయించుకొన్నవారిలో ముప్పది దినములలోపల మరణించినవారు వెయ్యికి ముగ్గురు. తీవ్రమైన చిక్కు ఏదో ఒకటి కలిగినవారు నూటికి నలుగురికి కొంచెము పైన. అటుప్రక్క, ఊబకాయమును అట్లే వదిలివేయుటయు క్షేమము కాదు. స్వీడను దేశములో ఆపరేషను చేయించుకొన్న 2,010 మందిని, చేయించుకొనని 2,037 మందిని సగటున సుమారు 11 యేండ్లు గమనించి 2007లో ప్రకటించిన లెక్కలో, మొదటివారిలో 101 మంది, రెండవవారిలో 129 మంది మరణించినారు. ఈ అంకెలు రెండును ఒకచోట పెట్టి చూడనిదే న్యాయమైన తీర్పు చెప్పలేము.

ఇది ఎవరికి తగినది అన్నది కూడ ముఖ్యమే. కిలోగ్రాములలో బరువును, మీటర్లలో ఎత్తు యొక్క వర్గముచేత భాగించగా వచ్చే అంకె కొలత. 1.6 మీటర్ల ఎత్తు, 90 కిలోల బరువు గలవానికి అది 35 దాటుతుంది. 2022లో అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘములు సవరించిన సూత్రముల ప్రకారము 35 దాటినవారికి సిఫారసు చేయవచ్చును. ఆసియావారికి 27.5 నుండియే ఆలోచింపవచ్చును. పెండ్లి ఫోటోలకోసము పది కిలోలు తగ్గదలచినవారు దీని జోలికి పోరాదని మా అభిప్రాయము.

ఇక చిక్కుల సంగతి. మొదటి వారములలో భయపడవలసినది కుట్టినచోట కారుట. నాడి నిమిషమునకు 120 దాటి కొట్టుకొనుట, జ్వరము, ఆయాసము, ఎడమ భుజమున నొప్పి, ఇవి కనబడినచో కడుపునొప్పి అంతగా లేకున్నను ఆసుపత్రికి చేరవలెను. కాలిలో రక్తము గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరుట మరొక ప్రమాదము. ఆపరేషనైన దినముననే లేచి నడవమని నర్సులు తొందరపెట్టేది ఇందుకే. "పచ్చి ఒళ్లు, పడుకోనీయండి" అని అడ్డుపడే బంధువులు ఈ మాట వినవలెను.

మేము అన్నింటికంటె గట్టిగా చెప్పదలచినది వాంతుల విషయము. ఆపరేషను తరువాత దినముల తరబడి వాంతులైతే మనవారు ఏమి చేస్తారు? నీరసము తీరుటకు గ్లూకోజు ఎక్కించమంటారు. ఇక్కడనే అపాయమున్నది. బి-1 విటమిను, అనగా థయమిను, శరీరములో రెండు మూడు వారములకు మించి నిలువ ఉండదు. గ్లూకోజును శక్తిగా మార్చుటకు అదే కావలెను. అది అడుగంటిన మనిషికి వట్టి గ్లూకోజు ఎక్కించినచో మిగిలిన కాస్తయు ఖర్చయిపోయి మెదడు దెబ్బతినవచ్చును. చూపు రెండుగా కనబడుట, నడక తూలుట, మాట తడబడి మతి భ్రమించుట దీని గుర్తులు. ఆలస్యమైనచో జ్ఞాపకశక్తి మరల రాకపోవచ్చును. థయమిను ఇంజెక్షను ముందు, గ్లూకోజు తరువాత: ఇంతే కావలసినది. మందు చవుక, దొరకనిదియు కాదు. రోగికి ఫలానా ఆపరేషను అయినదని డాక్టరుగారితో ముందుగా చెప్పవలసిన బాధ్యత మాత్రము ఇంటివారిదే.

బైపాసు అయినవారికి మరొక చిక్కు నెలల తరువాత, ఒక్కొక్కప్పుడు యేండ్ల తరువాత రావచ్చును. బరువు తగ్గినకొలది లోపలి కొవ్వు కరిగి, ఏర్పడిన సందులలో ప్రేవు దూరి మెలిపడుతుంది. తిన్న తరువాత మెలిపెట్టినట్లు నొప్పి వచ్చి పోతూ ఉంటుంది. దానిని గ్యాసు అనుకొని సోడా త్రాగి పడుకొంటారు. స్కానింగులో సైతము ఒక్కొక్కప్పుడు కనబడదు. ఇటువంటి నొప్పి తీవ్రమైనచో, ముఖ్యముగా గర్భిణులలో, ఈ శస్త్రచికిత్స తెలిసిన సర్జను చూచువరకు ఊరకుండరాదు.

శెనక్కాయలు పెరికే దినములలో నడుము నొప్పికి మందులషాపు బిళ్ల మింగుట మన పల్లెలలో మామూలే. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి బైపాసు అయినవారికి అతుకు వద్ద పుండు కలిగించగలవు. పారాసిటమాలు మేలు. బీడీ, సిగరెట్టు కూడ అదే పుండునకు దోహదము చేస్తవి.

ఆహారము విషయములో మన సీమ అదృష్టవంతమైనదే, కాని ఒక మెలిక ఉన్నది. రోజుకు కనీసము 60 గ్రాముల మాంసకృత్తులు కావలెను, కడుపులో పట్టేది పిడికెడు. రాగిసంగటిలో సున్నము పుష్కలము, మాంసకృత్తులు తక్కువ. సంగటితోనే కడుపు నింపుకొనక గ్రుడ్డు, పెరుగు, పప్పు, ఉలవలు ముందు తినవలెను. వేరుశనగ పొడి కొంచెము చాలును. కదిరి పరిశోధనా కేంద్రము పుణ్యమా అని మంచి వేరుశనగకు మనకు కొదువ లేదు. బి-12, ఇనుము, కాల్షియము, డి విటమిను మాత్రలు ఒక యేడు కాదు, జీవితాంతము. ఇనుము మాత్రను కాల్షియముతో గాని, టీతో గాని కలిపి వేసుకొన్నచో ఒంటబట్టదు. ఏడాదికొకమారు రక్తపరీక్ష తప్పదు.

బైపాసు తరువాత తీపి పదార్థము గబగబ ప్రేవులోనికి దిగి, అరగంటలోపల చెమట, గుండెదడ, విరేచనము కలిగించుట కద్దు. రెండు మూడు గంటలకు రక్తములో చక్కెర పడిపోయి కండ్లు తిరుగుటయు కలదు. శ్రీరామనవమి పానకమైనను, ఇఫ్తారు వేళ ఖర్జూరము, షర్బతైనను ఈ కడుపునకు ఒకటే. రంజాను ఉపవాసముల గురించి మన విద్యార్థుల ఇండ్లలో తరచు ప్రశ్న వస్తుంది. ఈ రోగి నీటిని గుక్కగుక్కగా దినమంతా త్రాగవలసినవాడు. సహరీలో ఒక్కసారిగా లోటాడు నీళ్లు త్రాగి నిలువజేసుకొనుట అతనికి సాధ్యము కాదు. అందుచేత తొలి సంవత్సరము, సంవత్సరమున్నర ఉపవాసము వలదని వైద్యులు సలహా ఇస్తారు. రోగికి ధర్మమే మినహాయింపు ఇచ్చినది గదా! తరువాత కూడ, చక్కెరవ్యాధి మందులు వాడేవారు డాక్టరును అడిగి నిశ్చయించుకోవలెను.

విడువదగిన భయములును ఉన్నవి. మూడవ నెల మొదలు జుట్టు రాలుట చూచి ఆడపిల్లలు కుమిలిపోతారు. పోషణ సరిగా ఉన్నచో అది కొన్ని నెలలలో తిరిగి మొలుస్తుంది. పిల్లలు పుట్టరని అత్తింటివారు సందేహించుట మరీ అన్యాయము. బరువు తగ్గిన పిమ్మట గర్భధారణ సులభమగుటయే ఎక్కువ. అందుకే తొలి 12 నుండి 18 నెలలు గర్భము రాకుండ జాగ్రత్తపడవలెను. బైపాసు అయినవారు నోటి మాత్రలపై ఆధారపడక వేరొక పద్ధతి అడుగవలెను. త్వరగా తగ్గువారిలో పిత్తాశయమున రాళ్లు ఏర్పడవచ్చును, దానికి ఆరునెలలు వాడే మందు కలదు. కొన్ని యేండ్లకు కొంత బరువు మరల వచ్చుట కూడ సామాన్యమే, అందుకు ఎవరినీ ఎగతాళి చేయవలసిన పని లేదు.

ఆపరేషను చేసిన ఆసుపత్రివారిచ్చు డిశ్చార్జి కాగితములో ఏ పద్ధతి చేసినారో వ్రాసి ఉంటుంది. దాని నకలును ఎల్లప్పుడు దగ్గర ఉంచుకోవలెను. పోగొట్టుకొన్నవారు ఆసుపత్రికి వ్రాసి అడుగవచ్చును. భారత వైద్యమండలి 2002 నియమముల ప్రకారము వైద్యులు రోగి రికార్డులను చికిత్స ప్రారంభమైన నాటినుండి మూడు సంవత్సరములు భద్రపరచవలెను. అడిగిన 72 గంటలలో ఇవ్వవలెను.