పాత కారుకు పొడిగింపు వారంటీ: కొనుట లాభమా?

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లు, జమ్మలమడుగు శనగల వ్యాపారం, పులివెందుల చీనీ, అరటి మండీల మధ్య తిరిగే వర్తకులకు, దలాళ్లకు కారు విలాస వస్తువు కాదు, పనిముట్టు. ఉదయం ప్రొద్దుటూరులో బయలుదేరి, జమ్మలమడుగులో పని చూచుకొని, ముద్దనూరు మీదుగా పులివెందుల చేరవలసినవారికి బండి ఒకరోజు షెడ్డులో నిలిచిపోతే ఆనాటి బేరాలు కూడా నిలిచిపోతాయి. అందువల్లనే కారుకు వయసు పైబడే కొద్దీ వారంటీ పొడిగించుకోవాలా, వద్దా అన్న ప్రశ్న వర్తకులలో తరచుగా వినవస్తున్నది.

పొడిగింపు వారంటీ ఒక విధంగా వాయిదా బేరం వంటిదే. రేపు రాగల ఖర్చును నేటి ధరకు మరొకరిపై ఉంచడమే ఇందులోని కిటుకు. కనుక సరకు ఏమిటి, ధర గిట్టుబాటా, అవతలి పక్షం మాట నిలుపుకుంటుందా అన్నవి విచారించవలసి ఉన్నది.

సరకు ఏమిటి?

మోటారు బీమా వేరు, వారంటీ వేరు. ప్రమాదం జరిగినా, బండి దొంగలపాలైనా సమగ్ర బీమా ఆదుకుంటుంది. యంత్రం దానంతటది చెడిపోయినా, అరిగిపోయినా మామూలు బీమా వర్తించదు. ఆ లోటును కొంతవరకు పూడ్చేది వారంటీ.

కొంతవరకు అనడానికి కారణం ఉన్నది. ఇంజను, గేర్‌బాక్సు, ఇంధన పంపు, ఏసీ కంప్రెసరు, ఎలక్ట్రానిక్ పరికరాలు సాధారణంగా దీని పరిధిలోకి వస్తాయి. క్లచ్ ప్లేట్లు, బ్రేకు ప్యాడ్లు, టైర్లు, బ్యాటరీ వంటి అరిగే వస్తువులు రావు. పాత కారు తరచుగా ఖర్చు పెట్టించేది ఈ రెండవ జాబితాలోనే. అరుదుగా వచ్చినా పెద్ద దెబ్బ తీసేది మొదటి జాబితా. వారంటీ కొనేవారు ఆ పెద్ద దెబ్బ కోసమే కొనాలి తప్ప, షెడ్డు ఖర్చు మొత్తం తప్పుతుందని భావించరాదు.

గడువు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మారుతి సుజుకి కంపెనీ 2024 జూలైలో తన అసలు వారంటీని రెండేళ్లు లేక 40 వేల కిలోమీటర్ల నుంచి మూడేళ్లు లేక లక్ష కిలోమీటర్లకు పెంచినది. ఇందులో ఏది ముందు నిండితే అదే గడువు. నెలకు 3 వేల కిలోమీటర్లు తిరిగే బండి 34వ నెలలోనే లక్ష దాటుతుంది. కాగితం మీద మూడేళ్లున్నా, తిరిగే వర్తకునికి అన్నాళ్లు దక్కదు. పొడిగింపుకు కూడా ఇదే లెక్క.

కంపెనీవారి పొడిగింపును సాధారణంగా అసలు వారంటీ అమలులో ఉండగానే కొనాలి. గడువు దాటిన బండికి తనిఖీ చేసి హెచ్చు ధర అడగవచ్చు, లేదా నిరాకరించవచ్చు. బండి మొరాయించిన తరువాత ఆలోచిద్దామనుకునే వారికి ఈ సరకు దొరకదు.

ధర గిట్టుబాటా?

ఉదాహరణకు రెండేళ్ల పొడిగింపునకు రుసుము రూ. 20,000 అనుకుందాం. 18 శాతం జీఎస్టీతో రూ. 23,600. నూటికి నెలకు రూపాయి చొప్పున రెండేళ్ల వడ్డీ రూ. 5,664 కలిపితే రూ. 29,264. వారంటీ పరిధిలోని పెద్ద మరమ్మతు వస్తే రూ. 80,000 అవుతుందనుకుంటే, ఆ మరమ్మతు వచ్చే అవకాశం సుమారు మూడింట ఒక వంతు ఉంటేనే ఈ బేరం గిట్టుతుంది. ఎవరి బండి అంకెలు వారు వేసుకుని చూచుకోవచ్చు.

మోటారు విడిభాగాలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం బదులు 18 శాతమైనది. పన్నుకు ముందు లక్ష రూపాయల విడిభాగాలు లోగడ రూ. 1,28,000 కాగా, ఇప్పుడు రూ. 1,18,000. పాత అంచనాలు చూపి భయపెట్టే అమ్మకందార్ల మాట ఈ మేరకు తగ్గించి వినాలి. అదీగాక, వర్తకుడు తన అవసరానికి వాడే కారు మరమ్మతులపై కట్టిన జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. సరకు రవాణా వాహనాలకు ఈ అడ్డు లేదు. కనుక కారు లెక్క వేరుగా, లారీ లెక్క వేరుగా వేయాలి.

అవతలి పక్షం

ఏ మోడలులో ఏ భాగం ఎన్ని కిలోమీటర్లకు చెడుతుందో కంపెనీ వద్ద చిట్టా ఉన్నది. డ్రైవరు బండిని ఎట్లు నడుపుతాడో యజమానికి తెలుసు. ఇట్లు ఒకరికి తెలిసినది మరొకరికి తెలియని విపణిలో ఏమి జరుగుతుందో పాత కార్లను ఉదాహరణగా తీసుకుని 1970లో వివరించిన అమెరికా ఆర్థికవేత్త జార్జి అకెర్లాఫ్‌కు 2001లో నోబెల్ బహుమతి లభించినది.

ఆ అమెరికాలోనే వారంటీ పేరిట మోసపు ఫోన్లు విపరీతమై, అక్కడి కమ్యూనికేషన్ల కమిషన్ 2023 ఆగస్టులో ఒక ముఠాపై దాదాపు 30 కోట్ల డాలర్ల జరిమానా విధించినది. ఇక్కడైనా ఫోనులో బేరం కుదుర్చుకోరాదు. షరతుల కాగితం చేతికి వచ్చాకనే రొక్కం ఇవ్వాలి.

షరతులలో ముఖ్యమైనది సర్వీసు. అధీకృత వర్క్‌షాపులో సకాలంలో సర్వీసు చేయించినట్లు రికార్డు లేకపోతే వారంటీ క్లెయిము తిరస్కరించే వీలున్నది. ఊరి మెకానిక్ వద్ద చౌకగా పని చేయించుకునే అలవాటున్నవారు ఆ అలవాటు మానుకోవాలి, లేదా వారంటీ మానుకోవాలి.

తగాదా వస్తే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. మన వారికి కడపలో జిల్లా కమిషన్ ఉన్నది. గడువు రెండేళ్లు. వ్యాపార ప్రయోజనానికి కొన్నదని అవతలివారు అభ్యంతరం చెప్పవచ్చు. అయితే కంపెనీ పేరిట డైరెక్టరు వాడకానికి కొన్నంత మాత్రాన కారు వ్యాపార సరకు కాబోదని 2024 జూలైలో సుప్రీం కోర్టు ఒక కేసులో తీర్పు చెప్పినది.

ఎవరు కొనాలి?

అసలు వారంటీ ఇంకా నడుస్తూ, బండి డీజిల్‌దో, ఆటోమేటిక్ గేర్లదో అయి, రెండు మూడేళ్లు బాగా తిప్పుకోదలచి, ఒక్కసారిగా 80 వేలు, లక్ష తీయడం ఇబ్బందైనవారు కొనుట మేలు. త్వరలో బండి అమ్మదలచినవారు, పూచీ కొత్త యజమాని పేరిట మారుతుందంటేనే కొనాలి.

ఏడెనిమిదేళ్లు దాటిన, తక్కువ తిరిగే సాదా పెట్రోలు బండికి ఇతర కంపెనీల వారంటీ కొనడం కంటె, ఆ రుసుమును నెలనెలా ఆవర్జాలో కారు పద్దు కింద విడిగా జమ చేసుకొనుట ఉత్తమం. మరమ్మతు రాకపోతే సొమ్ము మిగులుతుంది. వస్తే క్లచ్‌కైనా, టైరుకైనా షరతులు లేకుండా అక్కరకు వస్తుంది. రెండు మూడు బండ్లున్న సంస్థలకు ఈ పద్ధతి మరింత అనుకూలం. ఒకదాని ఖర్చును మరొకదాని మిగులు భరిస్తుంది.

ఏ దారి ఎంచుకున్నా, అసలు వారంటీ ముగిసే తేదీని, కిలోమీటర్లను వర్తకులు నేడే చూచి వ్రాసుకొనుట మంచిది. ఆ గడువు దాటితే మొదటి దారి మూసుకుపోవచ్చు.