మీకు తెలుసా? అండగా ఒక్కరున్నా పిల్లలు నిలదొక్కుకుంటారు

హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల ఎదుగుదలను పరిశోధకులు ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్ దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, తల్లిదండ్రుల కీచులాటలు, తాగుడు, మానసిక జబ్బుల వంటి కష్టాలు కనీసం నాలుగు చుట్టుముట్టిన ఇళ్లలో పెరిగినవారిలోనూ దాదాపు మూడో వంతు మంది చక్కగా స్థిరపడ్డారు. పసితనం నుంచీ కనిపెట్టుకుని ఉన్న మనిషి ఒకరు వాళ్లకు దొరికారు. అమ్మానాన్నలే కానక్కర్లేదు, అమ్మమ్మో అక్కో పిన్నో. అదంతా పుట్టుకతో వచ్చిన స్వభావం కాదా అని అడగొచ్చు. స్వభావానికి పాత్ర ఉన్నమాట నిజమే, నవ్వుతూ కలివిడిగా ఉండే పిల్లల్ని పెద్దలు ఇట్టే చేరదీస్తారు. అయితే చేరదీసే పెద్దలంటూ ఉండాలి కదా! పైగా కౌమారంలో గాడి తప్పినవాళ్లలోనూ చాలామంది ముప్పై, నలభై ఏళ్లకల్లా కుదుటపడ్డారు. మళ్లీ చదువుకునే అవకాశం, మంచి జీవిత భాగస్వామి వాళ్లకు ఆసరా అయ్యాయి.