దానం తరువాత మాతృత్వం

కాన్పు స్త్రీకి పునర్జన్మ వంటిదని మన పెద్దలు చెబుతూ వచ్చారు. తన ప్రాణాన్ని పణంగా పెట్టి మరొక ప్రాణాన్ని లోకానికి ఇస్తున్నదని ఆ మాటకు భావం. నేటి వైద్యశాస్త్రం స్త్రీకి ప్రాణదానం చేసే మరొక మార్గాన్ని కూడా చూపినది. తోబుట్టువుకో, భర్తకో, కన్నబిడ్డకో మూత్రపిండాలు రెండూ చెడిపోయినప్పుడు, తనకున్న రెండింటిలో ఒకటి ఇచ్చి ఆమె ఆ ప్రాణాన్ని నిలుపగలదు. మన దేశంలో బ్రతికి ఉండగా మూత్రపిండాన్ని దానం చేసేవారిలో ఎక్కువమంది స్త్రీలే. అట్టి దాత ఇంకా పిల్లలు కలగవలసిన వయసులో ఉన్నదైతే ఒక ప్రశ్న సహజంగా పుడుతుంది. మిగిలిన ఒక్క మూత్రపిండంతో ఆమె నిర్భయంగా తల్లి కాగలదా?

ఈ ప్రశ్నకు మన ఇండ్లలో రెండు తొందరపాటు సమాధానాలు వినిపిస్తూ ఉంటాయి. దానం కోరేవారు “ఏమీ కాదు” అంటారు. పెండ్లి సంబంధం చూసేవారు “ఇక పిల్లలు పుట్టరు” అంటారు. మొదటి మాట నమ్మిన యువతి తనకు తెలియని ఆపదలో అడుగు పెడుతుంది. రెండవ మాట వల్ల ఆమె చేసిన త్యాగానికే శిక్ష అనుభవిస్తుంది. శాస్త్రం ఈ రెండు మాటలనూ ఒప్పుకోదు.

మూత్రపిండ మార్పిడి చరిత్ర తోబుట్టువుల మధ్యనే ఆరంభమైనది. 1954 డిసెంబరు 23వ తేదీన అమెరికాలోని బోస్టన్ నగరంలో డాక్టర్ జోసఫ్ ముర్రే బృందం రోనాల్డ్ హెరిక్ మూత్రపిండాన్ని అతని కవల సోదరుడు రిచర్డ్‌కు విజయవంతంగా అమర్చినది. 1956లో వాండా ఫాస్టర్ అనే యువతి తన కవల సోదరి ఈడిత్ హెల్మ్‌కు ఒక మూత్రపిండం ఇచ్చినది. రెండేండ్ల తరువాత, 1958లో, ఈడిత్ ఒక బిడ్డను కన్నది. మార్పిడి జరిగిన స్త్రీ తల్లి కావడం లోకంలో అదే ప్రథమం. బిడ్డ కడుపులో ఉన్నంత కాలమూ ఆ తల్లిని కాపాడినది సోదరి ఇచ్చిన ఒక్క మూత్రపిండమే. ఒక్కటైనా ఆ భారాన్ని మోయగలదని నాడే తేలినది. మన దేశంలో 1971లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో ఈ చికిత్స మొదటిసారి ఫలించినది.

ఒక్కటి ఎట్లు చాలుతుంది? ప్రతి మూత్రపిండంలోనూ సుమారు 10 లక్షల సూక్ష్మమైన వడపోత భాగాలు ఉంటాయి. ఒక మూత్రపిండాన్ని తీసివేయగానే వడపోత శక్తి సగానికి పడిపోతుంది. కాని రెండవది ఊరక ఉండదు. తన పరిమాణాన్ని కొంత పెంచుకొని, ఎక్కువ రక్తాన్ని వడపోస్తూ, కొద్ది నెలలలో పూర్వపు శక్తిలో నూటికి 60 నుంచి 70 పాళ్ల వరకు చేరుకుంటుంది. మామూలు జీవితానికి అది చాలును.

అయితే గర్భం మామూలు స్థితి కాదు. గర్భిణి శరీరంలో రక్తం పెరుగుతుంది. మూత్రపిండాల వడపోత సుమారు సగం మేర హెచ్చుతుంది. దాత విషయంలో ఇప్పటికే అదనపు బరువు నెత్తికెత్తుకున్న మూత్రపిండం ఇంకొక బరువును కూడా మోయవలసి వస్తుంది. అనేకులలో అది మోస్తుంది. కొందరిలో మాత్రం రక్తపోటు పెరుగుతుంది. 20 వారాలు దాటిన తరువాత రక్తపోటు పై అంకె 140కి గాని, క్రింది అంకె 90కి గాని చేరి, మూత్రంలో మాంసకృత్తులు పోతూ ఉంటే అది గుర్రపువాతానికి పూర్వరూపం. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం ఉబ్బడం దాని హెచ్చరికలు. అశ్రద్ధ చేస్తే మూర్ఛలు వచ్చి తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం కలుగవచ్చును.

ఈ ప్రమాదం దాతలలో ఎంత? చాలాకాలం వైద్యులు దాతలను సాధారణ స్త్రీలతో పోల్చి భేదం లేదనుకున్నారు. ఆ పోలికలో ఒక లోపం ఉన్నది. సంపూర్ణ ఆరోగ్యవంతులనే దాతలుగా ఎన్నుకుంటారు. కాబట్టి వారిని అంతే ఆరోగ్యం గల ఇతర స్త్రీలతో పోల్చినప్పుడే నిజం బయటపడుతుంది. 2009లో అమెరికాలోని మిన్నెసోటా నుంచి, నార్వే దేశం నుంచి వచ్చిన రెండు పరిశోధనలు, దానానికి ముందు గర్భాలకంటె తరువాతి గర్భాలలో ఈ వ్యాధి ఎక్కువగా ఉన్నదని చూపినవి. అయితే తరువాతి కాన్పుల నాటికి తల్లి వయసు కూడా పెరిగి ఉంటుంది గదా అన్న సందేహం మిగిలినది. 2015లో కెనడాలోని ఆంటారియో రాష్ట్ర పరిశోధకులు 85 మంది దాతలను, అన్నివిధాల వారితో సమానులైన 510 మంది ఆరోగ్యవంతులతో పోల్చారు. గర్భకాలపు రక్తపోటు గాని, గుర్రపువాతపు పూర్వరూపం గాని దాతల గర్భాలలో నూటికి 11, ఇతరుల గర్భాలలో నూటికి 5 చొప్పున కనిపించినది. నెలలు నిండని కాన్పులలోను, బిడ్డ బరువు తగ్గడంలోను చెప్పుకోదగిన భేదం లేదు. ఆ దాతలలో తల్లి మరణం గాని, మృతశిశు జననం గాని, నవజాత శిశు మరణం గాని నమోదు కాలేదు.

ఈ లెక్కను రెండు వైపుల నుంచీ చదువవలెను. ప్రమాదం రెండింతలైన మాట నిజం. నూటికి 89 గర్భాలు ఆ బాధ లేకుండా సాగిన మాట కూడా అంతే నిజం. పాఠశాలలో మూత్రపిండాల పటం గీయించి “ఒకటి చాలును” అని చెప్పే ఉపాధ్యాయుడు ఈ రెండవ పాఠాన్ని కూడా చేర్చడం మంచిది.

దానికి ముందే ఈ సంగతి దాతకు తెలియజేయవలెను. 1994 నాటి మానవ అవయవాల మార్పిడి చట్టం, అవయవం తీయక ముందు దానివల్ల కలుగగల ఫలితాలను, చిక్కులను, ప్రమాదాలను దాతకు వివరించడం వైద్యుని విధిగా నిర్ణయించినది. యువతి విషయంలో రాబోయే గర్భం ఆ వివరణలో చేరకపోతే అది అసంపూర్ణమే. 2017లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా దాతను ఆమె సంతానాపేక్షను గూర్చి అడుగుమని చెబుతున్నవి. అన్నీ తెలిసి ఆమె సరేనన్నా, వద్దన్నా, పిల్లలు కలిగిన తరువాత చూద్దామన్నా ఆ నిర్ణయం ఆమెదే. ఉద్దానం వంటి ప్రాంతాలలో ఇంటింటా ఈ వ్యాధి భయం ఉన్నచోట ఈ విచక్షణ మరింత అవసరం.

దానం చేసిన తరువాత కనీసం ఆరు నెలలైనా ఆగి, రక్తపోటు, మూత్రంలో మాంసకృత్తులు, రక్తంలో క్రియాటినిన్ పరీక్షించుకొని గర్భం ధరించడం మేలు. గర్భం నిలిచిన వెంటనే వైద్యురాలికి దానం సంగతి చెప్పవలెను. తగినవారికి 12వ వారం దాటాక స్వల్ప మోతాదులో ఆస్పిరిన్ ఇస్తారు; అది వైద్యుల నిర్ణయంపైనే తీసుకోవలెను. నొప్పుల మాత్రలు సొంతంగా మింగరాదు. కాన్పు వరకు రక్తపోటు, మూత్ర పరీక్షలు తరచుగా జరగవలెను.

ఇక్కడే “పిల్లలు పుట్టరు” అన్న మాట అసలు హాని చేస్తుంది. ఆ మాటకు భయపడి తల్లిదండ్రులు దానం సంగతి దాచి పెండ్లి చేస్తారు. అత్తవారింట దాచిన సంగతి, అత్తగారు వెంట వచ్చిన ఆసుపత్రిలోనూ దాగిపోతుంది. వైద్యురాలు ఆమెను మామూలు గర్భిణిగానే చూస్తుంది. ముందుగా తెలిసి ఉంటే అదుపు చేయగలిగిన రక్తపోటు ఆలస్యంగా బయటపడుతుంది. ఒక్క మూత్రపిండం తేదగిన ప్రమాదం కొంతే. దాపరికం దానిని పెంచుతుంది.

శిబి చక్రవర్తి కథ, దధీచి కథ దానంతోనే పూర్తి అవుతాయి. సోదరుని కోసం మూత్రపిండం ఇచ్చిన యువతికి దానం తరువాత ఇంకా ఎంతో జీవితం ఉన్నది. పెండ్లి, కాన్పు, బిడ్డల పెంపకం అందులోనివే. ఆమె ఇచ్చిన దానితో బ్రతికిన ఇల్లు, ఆమెను తీసుకుపోయిన ఇల్లు, రెండూ ఆ సంగతిని దాచకుండా, ప్రతి నెలా ఆమెను పరీక్షకు తీసుకువెళ్లడమే ఆమెకు తీర్చగల ఋణం.