ఛాసిస్ అచ్చులో దాగిన ధర

వేలంలో పాత కారు పలికే ధర, దాని ఇంజిన్ ఇప్పుడు ఎంత బలంగా ఉందన్న దానికన్నా, అది కారుతోపాటే కర్మాగారం గడప దాటిందా లేదా అన్న దానిమీద ఎక్కువగా ఆధారపడుతుంది. అమెరికన్ ‘మజిల్ కార్ల’ అమ్మకాల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. సాధారణ ఆదాయం గలవారు కొనగలిగే రెండు తలుపుల కారులో, పెద్ద కార్లకు వాడే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్‌ను అమర్చితే అది మజిల్ కారు. 1964లో పాంటియాక్ సంస్థ తన టెంపెస్ట్ కారుకు 6.4 లీటర్ల ఇంజిన్ బిగించి జీటీఓ పేరుతో అమ్మడంతో ఈ ఒరవడి ఊపందుకుంది. పొగ నియంత్రణ చట్టాలు, పెరిగిన బీమా ఖర్చు, 1973 నాటి చమురు సంక్షోభం కలిసి దానిని అణచివేయగా, మిగిలిన కార్లు సేకర్తల పాలిట అపురూప వస్తువులయ్యాయి.

గణపతి లడ్డూకో, సంత తైబజారుకో ఊళ్లో జరిగే పాటకూ, ఈ కార్ల పాటకూ మూలసూత్రం ఒక్కటే. అయితే ఇక్కడ యజమాని తనకు గిట్టే కనీస ధరను, అంటే రిజర్వు ధరను, ముందే నిర్ణయించుకోవచ్చు. పాట అంతవరకూ చేరకపోతే కారు ఇవ్వనక్కరలేదు. పాడుకున్నవారు చివరి పాట మొత్తంపై వేలం సంస్థకు అదనపు రుసుము కూడా చెల్లించాలి.

ట్రాక్టర్ల కర్మాగారమున్న జహీరాబాద్ వంటి పట్టణంలో ఛాసిస్ అచ్చు గురించి వేరే చెప్పనక్కరలేదు. ఛాసిస్ నంబరుపై కాగితం ఒత్తిపెట్టి, పెన్సిల్‌తో రుద్ది, తేలిన అంకెలను ఆర్.సి.తో సరిచూడటం పాత బండ్ల బేరంలో మామూలే. పాత కార్ల పాటలోనూ ఇలాంటి పరీక్షే కీలకం. తేడా ఫలితంలో ఉంది: ఇంజిన్ మార్చి బాగుచేసిన ట్రాక్టరు దున్నగలిగితే చాలు, దాని ధర నిలుస్తుంది, ఇంజిన్ మార్చిన మజిల్ కారు మాత్రం ఎంత బాగా పరుగెత్తినా విలువ కోల్పోతుంది.

2020 జనవరి 10న అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, కిసిమ్మీలో మీకమ్ సంస్థ వేలం వేసిన 1968 నాటి ఫోర్డ్ మస్టాంగ్, అసలు రూపు చెరగని కారుకు దక్కే విలువకు నిదర్శనం. ‘బుల్లిట్’ చిత్రంలో నటుడు స్టీవ్ మెక్వీన్ నడిపిన ఈ కారును 1974లో సుమారు 6,000 డాలర్లకు కొన్న కుటుంబం, దానిని రోజువారీ అవసరాలకు వాడి, తరువాత మూలన ఉంచింది. వెలసిన ఆకుపచ్చ రంగును, సొట్టలను కొత్తగా దిద్దించలేదు. కారును కొనుక్కుంటానని 1977లో మెక్వీన్ రాసిన ఉత్తరం దాని చరిత్రకు సాక్ష్యమైంది. రిజర్వు ధర లేకుండానే పాట 34 లక్షల డాలర్లకు చేరగా, రుసుముతో కలిపి అది 37.4 లక్షలైంది.

భారత ప్రభుత్వం 2021 జూలైలో తెచ్చిన వింటేజ్ వాహన నిబంధనలూ ఇదే దృష్టితో ఉన్నాయి. తొలి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్పు లేకుండా మూలరూపంలో నిలిచిన ద్విచక్ర వాహనాలకూ, సొంత వాడకపు కార్లకూ ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. రవాణా వాహనాలకు ఇది వర్తించదు కనుక, ఒకప్పుడు జహీరాబాద్‌లోనే తయారైన ఆల్విన్ నిస్సాన్ ట్రక్కులకు ఎంత వయసొచ్చినా ఈ గౌరవం దక్కదు. పాత కారు ఉన్నవారు కొత్త రంగు వేయించేముందు, తొలి రసీదునూ, ఆర్.సి.నీ, విప్పి పక్కన పడేసిన అసలు విడిభాగాలనూ భద్రపరచుకోవడం మేలు; రేపు పాటలో ధర పలికించేవి అవే.