నీళ్లు వేడెక్కితే చేపకు ఊపిరాడదు

మృగశిర కార్తె వచ్చిందంటే మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లో చేపల కూర వాసనే. ఆ కార్తెకు ముందు ఎండలే చేపకు గండం.

20 డిగ్రీల నీళ్లలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకు ఏడున్నరే. వేడికి చేపకేమో ఇంకా ఎక్కువ కావాలి. రాత్రంతా నాచు కూడా పీల్చేస్తుంది కాబట్టి తెల్లారుజామున బొచ్చె, రవ్వ పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. మురుగు చేరే సరూర్‌నగర్ లాంటి చెరువుల్లో ఇది మరీ ఎక్కువ.

మన రాష్ట్ర చేప కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చుకుని బతికేస్తుంది. కానీ పిల్లలు పెట్టడానికి దానికి కొత్త వాననీళ్లు, గడ్డి ఉన్న లోతులేని అంచులు కావాలి. వాన వెనకబడిన ఏడు అది ఆగిపోతుంది. అంచులు పూడ్చి ఇళ్లు కట్టిన చోట వాన పడ్డా లాభం లేదు.

వాతావరణం మారి ఎండలు ముదిరేకొద్దీ మన నీటి కుంటల్లోనూ ఇదే తంతు. సహజమే కదా అని పేడ ఎంతేసినా మంచిదే అనుకునేవాళ్లున్నారు. కుళ్లే పేడ కూడా ఆక్సిజన్ తినేస్తుందండీ! పొద్దున్నే చేపలు నోళ్లు తెరిస్తే పేడ, మేత ఆపి కొత్త నీళ్లు పెట్టండి. కుంటలో ఒక మూల లోతుగా తవ్వించండి, ఎండకి అక్కడికే చేరతాయి.