బ్యాంకుకు ఆపద వస్తే అప్పెవరిస్తారు?



మనం బ్యాంకులో దాచుకున్న డబ్బంతా ఇనప్పెట్టెలో ఉండదని మీకు తెలుసు. కొంత అప్పులుగా పోతుంది, కొంత ప్రభుత్వ పత్రాల్లో ఉంటుంది. రోజూ కొందరు వేస్తారు, కొందరు తీస్తారు గనుక వ్యవహారం సాగిపోతుంది. అందరూ ఒక్కసారే వచ్చి అడిగితే ఎంత మంచి బ్యాంకైనా ఇవ్వలేదు. అప్పుడు ఆదుకోవలసింది కేంద్ర బ్యాంకు. మన దేశంలో అది రిజర్వు బ్యాంకు, అమెరికాలో ఫెడరల్ రిజర్వు.

అయితే కేంద్ర బ్యాంకు ఊరికే ఇవ్వదు, తాకట్టు అడుగుతుంది. నగ తీసుకెళ్లి, తూకం వేయించి, సంతకం పెడితేనే కదా మనకు బంగారం మీద అప్పు పుట్టేది? అర్ధరాత్రి అవసరం పడితే ఇంట్లో నగ ఉన్నా అక్కరకు రాదు. బ్యాంకులదీ అదే పరిస్థితి.

2023 మార్చి 9న కాలిఫోర్నియాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి ఖాతాదారులు ఒక్కరోజే 4,200 కోట్ల డాలర్లు తీసేశారు. మర్నాడు మరో 10,000 కోట్లు అడగబోతున్నారని తేలింది. వడ్డీ రేట్లు పెరిగి ఆ బ్యాంకు పత్రాల విలువ అప్పటికే పడిపోయింది. పైగా ఫెడరల్ రిజర్వు దగ్గర ముందుగా తాకట్టు ఉంచినవి చాలా తక్కువ. వేరేచోట ఉన్న పత్రాలను వేళకు అక్కడికి చేర్చలేకపోయారు. మార్చి 10న బ్యాంకు మూతపడింది. రెండు రోజులకు న్యూయార్కులోని సిగ్నేచర్ బ్యాంకూ మూతపడింది. అక్కడ ఈ అప్పు తీసుకునే పద్ధతిని ఐదేళ్లకు పైగా పరీక్షించి చూసుకోనేలేదు.

ఇల్లు తగలబడుతుంటే బావి తవ్వడమంటే ఇదే. ఈ సామెత కన్నడంలోనూ ఉంది.

తాకట్టు సిద్ధంగా ఉంచండి, అప్పుడప్పుడు చిన్న అప్పు తీసుకుని పరీక్షించుకోండి అని ఆ ఏడాది జూలైలోనే అక్కడి నియంత్రణ సంస్థలు బ్యాంకులకు సలహా ఇచ్చాయి. సలహా చాలదు, చట్టం కావాలన్న ప్రతిపాదనలు ఆ తరువాత వచ్చాయి.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. చిన్న బ్యాంకులకు ఖర్చు పెరుగుతుందని కొందరంటారు. అప్పు సులభమైతే బ్యాంకులు జాగ్రత్త తగ్గిస్తాయని మరికొందరి భయం. ఇంకో చిక్కు పరువుది. కేంద్ర బ్యాంకు గడప తొక్కితే, ఈ బ్యాంకు పని అయిపోయిందని జనం అనుకుంటారేమోనని బ్యాంకులు వెనకాడతాయి. అందరూ విధిగా సిద్ధపడితే ఆ జంకు కొంత తగ్గవచ్చు.

మన దేశంలో బ్యాంకులు డిపాజిట్లలో కొంత భాగాన్ని ప్రభుత్వ పత్రాల వంటి భద్రమైన రూపంలో ఉంచాలని చట్టమే చెబుతోంది. వాటిని తాకట్టు పెట్టి రిజర్వు బ్యాంకు నుంచి ఒక్కరాత్రికి అప్పు తెచ్చుకునే ప్రత్యేక ఏర్పాటు 2011 నుంచి ఉంది.

తప్పుడు పెట్టుబడి పెట్టిన బ్యాంకును ఏ అప్పూ కాపాడలేదు. కానీ అప్పు పుట్టవలసిన బ్యాంకు కాగితాలు వేళకు అందక కూలిపోతే, నష్టపోయేది అందులో డబ్బు దాచుకున్న మనవంటివారే. కనుక ఈ చట్టం మాట దూరదేశానిదే అయినా, అందులోని పాఠం మనకూ పనికివచ్చేదే.