త్రీనాట్‌త్రీ బుల్లెట్ సైజెంత?

పాత సినిమాల్లో పోలీస్ స్టేషన్ ముందు సెంట్రీ భుజాన వేలాడే రైఫిల్ గుర్తుందా? అదే త్రీనాట్‌త్రీ. లెక్క పేరులోనే ఉంది, 0.303 అంగుళాలు. మరి అందులోంచి వెళ్ళే బుల్లెట్ వ్యాసం ఎంత? 0.303 అనేస్తారు చాలామంది. నేనూ అలాగే అనుకున్నా. కానీ అది సుమారు 0.311. అంటే పేరులో ఉన్న రంధ్రం కన్నా బుల్లెట్టే 8 థౌలు లావు. అంగుళంలో వెయ్యో వంతే థౌ, మన లెక్కలో 25.4 మైక్రాన్లు.

కన్నం కన్నా పెద్ద వస్తువు అందులోంచి ఎలా వెళ్తుంది? బ్యారెల్‌కి ముందు 0.303 అంగుళాల రంధ్రం చేస్తారు. తర్వాత దాని లోపల మెలి తిరిగే గాడులు కోస్తారు. గాడికీ గాడికీ మధ్య మిగిలేవి గట్లు, మన పొలం గట్ల లాంటివే. పేరులోని కొలత గట్టు నుంచి గట్టుకి. గాడి అడుగు నుంచి ఎదుటి గాడి అడుగుకి కొలిస్తే ఇంకా ఎక్కువ వస్తుంది. బుల్లెట్ ఆ గాడులను నింపుతూ వెళ్ళాలి. అప్పుడే అది గిర్రున తిరుగుతుంది, వెనకున్న గ్యాస్ పక్కల నుంచి జారిపోదు.

ఫ్యాక్టరీలో తయారయ్యే బుల్లెట్‌కి రాగి మిశ్రమపు తొడుగు ఉంటుంది. ఒకటి రెండు థౌలు అటూ ఇటూ అయినా అది సర్దుకుపోతుంది. కానీ అమెరికాలో పాత లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళు ఉన్నవాళ్ళు చాలామంది సీసం కరిగించి అచ్చుల్లో పోసుకుంటారు. అక్కడ అదొక హాబీ. అసలు తంటా ఇక్కడే. యుద్ధకాలంలో రకరకాల ఫ్యాక్టరీల్లో హడావుడిగా తయారైన బ్యారెళ్ళవి. పేరు ఒకటే, మోడల్ ఒకటే, పక్కపక్కన పెట్టి కొలిస్తే గాడి వ్యాసంలో రెండు మూడు థౌల తేడా. సీసం మెత్తనిది, ఆ తేడాని క్షమించదు. సందు దొరికితే వేడి గ్యాస్ అందులోంచి దూసుకెళ్ళి బుల్లెట్ అంచుల్ని కోసేస్తుంది, సీసం బ్యారెల్ లోపల పూతలా అంటుకుంటుంది, గురి చెల్లాచెదురవుతుంది. అందుకే అనుభవజ్ఞులు పోత బుల్లెట్‌ని గాడి వ్యాసం కన్నా ఒకటి రెండు థౌలు పెద్దదిగా ఉంచుతారు. హెచ్7/పి6 అంటూ మనం బట్టీ పట్టిన ఇంటర్‌ఫియరెన్స్ ఫిట్ వెనక ఉన్న ఆలోచనే ఇది.

అచ్చు కొలతని నమ్మితే చాలదా అంటే, చాలదు. ఒకే అచ్చులో మామూలు సీసం పోస్తే ఒక సైజు, యాంటిమొనీ, తగరం కలిసిన గట్టి లోహం పోస్తే కొంచెం పెద్ద సైజు వస్తాయి. యాంటిమొనీ ఎక్కువున్న లోహం చల్లారేటప్పుడు తక్కువ కుంచించుకుపోతుంది. అచ్చు అక్షరాలు ఒకప్పుడు పోసింది ఈ రకం లోహంతోనే. అక్షరం అంచులు పదునుగా రావాలి కదా! అమెరికాలో లైనోటైప్ ప్రెస్‌లు మూతపడినప్పుడు ఆ తుక్కు ఈ హాబీ వాళ్ళకి పండగే.

మరి బ్యారెల్ లోపల ఎలా కొలుస్తారు? కొలవరు. మెత్తటి సీసం ముక్కని ఒక చివర నుంచి రెండో చివరకి నెడతారు. బయటికొచ్చిన ముక్క మీద గాడులన్నీ తిరగేసి అచ్చుపడతాయి. మైక్రోమీటర్ పెట్టి చదువుకోవడమే. వినడానికి బాగానే ఉంది గానీ, లీ ఎన్‌ఫీల్డ్ బ్యారెల్‌లో సాధారణంగా ఉండేవి 5 గాడులు. బేసి సంఖ్య. అంటే ప్రతి గాడికీ సరిగ్గా ఎదురుగా ఉండేది ఇంకో గాడి కాదు, గట్టు! మామూలు మైక్రోమీటర్ అసలు కన్నా తక్కువే చూపిస్తుంది. ఆ లెక్కన బుల్లెట్ చేసుకుంటే మళ్ళీ వదులే. దీనికి వీ ఆకారపు ఆన్విల్ ఉన్న మైక్రోమీటర్ వేరే ఉంటుంది. మూడు పళ్ళ టూల్‌కి 60 డిగ్రీలు, అయిదింటికి 108 డిగ్రీలు.

ఈ సంగతి నాకు చాలా ఖరీదుగా తెలిసింది. బీటెక్ అవగానే ఒక చిన్న మెషినింగ్ యూనిట్‌కి ఇంటర్వ్యూకి వెళ్ళా. సూపర్‌వైజర్ నా చేతికి ఎండ్ మిల్ కట్టర్, వెర్నియర్ ఇచ్చి వ్యాసం చెప్పమన్నారు. అటూ ఇటూ తిప్పి, ఎక్కువొచ్చిన రీడింగ్ చూసి, 10.4 మిల్లీమీటర్లు అన్నా ధీమాగా. ఆయన కట్టర్ తిప్పి చూపించారు. శాంక్ మీద 12 అని చెక్కి ఉంది. “ఏంటి బాబూ, మూడు పళ్ళ దాన్ని రెండు దవడల మధ్య ఎలా కొలిచావ్?” ఉద్యోగం రాలేదు. రాకపోవడం న్యాయమే.

వెర్నియర్ లీస్ట్ కౌంట్ ఎంత అంటే వైవాలో అందరం 0.02 మిల్లీమీటర్లని ఠక్కున చెప్తాం. ఒక థౌ 0.0254. అంటే మీరు పట్టుకోవాల్సిన తేడా, మీ పరికరం చూపగలిగే కనీస తేడా, రెండూ దాదాపు ఒకటే! ఈ పోలిక ల్యాబ్‌లో మాకెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఒక హెచ్చరిక. ఇది చదివి సీసం కరిగించడానికి బయల్దేరకండి. మన దేశంలో లైసెన్స్ లేకుండా మందుగుండు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. సరదా ఉంటే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ రేంజ్‌కి వెళ్ళి చూడండి. హైదరాబాదీ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఈ విభాగంలోనే. పెల్లెట్ పేరుకి 4.5 మిల్లీమీటర్లే. డబ్బాల మీద మాత్రం 4.49, 4.50, 4.51 అని విడివిడిగా రాసి ఉంటుంది. మంచి షూటర్లు రైఫిల్‌ని బిగించి, ఏ డబ్బా తమ బ్యారెల్‌కి నప్పుతుందో కాల్చి చూసుకుంటారు. టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరే మరి.

కొలతల పని మీద ఆసక్తి ఉన్నవాళ్ళు బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ కోర్సులు చూడండి. ఈలోగా మీ కాలేజీ వర్క్‌షాప్‌లో ఒక మూడు పళ్ళ కట్టర్ అడిగి తీసుకోండి. వీ ఆన్విల్ మైక్రోమీటర్ బీరువాలో లేదంటారు, నాకు తెలుసు. ఫర్వాలేదు. ఆ కట్టర్‌తో అల్యూమినియం ముక్కలో ఒక గాడి కోసి, గాడి వెడల్పు కొలవండి.